కోలారు గనికి వలసపోయిన పెద్దల జాడ తీయడం ఎలా

అనంతపురం, కడప, కర్నూలు పల్లెల్లో పాత తరం సంగతి తీస్తే "కరువులో గనికి పాయ" అనే మాట వినబడుతూ ఉంటుంది. చాలా ఇళ్లలో కథ ఆ మాట దగ్గరే ఆగిపోతుంది. ఏ గని, ఏ యేడు, ఎవరి వెంట పోయినాడు, అక్కడే కాపురం పెట్టినాడా, మళ్లీ వచ్చినాడా అన్నది ఎవరూ చెప్పలేరు. తేల్చుకోవాలనుకున్నవాళ్లు చాలామంది నేరుగా కేజీఎఫ్ (కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊరు) బస్సెక్కుతారు. అది చివర చేయాల్సిన పని. గనిలో మీ అబ్బ (తాత) ఒక నంబరు. ఊళ్లో ఆయనకు ఇంటిపేరుంది, పొలముంది, అప్పుంది, దాయాదులున్నారు. ఊరి కాయితాలు ముందు చేతికొస్తే గని కాయితం మీద ఉన్నది మీ మనిషో కాదో గుర్తుపట్టగలుగుతారు. అవి లేకుండా పోతే ఒకే పేరున్న నలుగురు రామప్పల నడుమ నిలబడి తిరిగొస్తారు.

ముందు ఏ గనో తేల్చాలి

ఇంట్లోవాళ్లు "గని" అన్నంత మాత్రాన కోలారే అనుకోకండి. పాత కడప జిల్లాలో పులివెందుల వైపువాళ్లకు గని అంటే రాతినార గని కావచ్చు. కోడూరు వైపువాళ్లకు మంగంపేట ముగ్గురాయి గని కావచ్చు. బంగారమే అని తేలినా చోట్లు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి.

అనంతపురం జిల్లాలోనే రామగిరి ఉంది (2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లా). ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లిషు కంపెనీలు అక్కడ జిబుటిల్ లాంటి గనులు తవ్వి వదిలేశాయి. చాలా ఏళ్ల తర్వాత భారత్ గోల్డ్ మైన్స్ మళ్లీ ఎప్పమాన గనిని నడిపింది. కుప్పం దగ్గర చిగురుగుంట, బిసానత్తం గనులు కూడా అదే సంస్థవి. ఆదోని, ఆలూరు, మంత్రాలయం వైపువాళ్లకు దగ్గరి బంగారు గని కోలారు కాదు, రాయచూరు జిల్లాలోని హట్టి. అది 1948 దాకా నిజాం రాజ్యంలో ఉండేది. అక్కడ 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో మొదలైన కంపెనీ ఇప్పటికీ హట్టి పేరుతో నడుస్తోంది. కాబట్టి కాయితాలు అడగడానికి అక్కడ పనిచేస్తున్న ఆఫీసు ఉంది. తుగ్గలి మండలం జొన్నగిరిలో బంగారు గని ఇటీవలి సంగతి. అబ్బల కాలపు వలసకూ దానికీ సంబంధం లేదు.

కోలారు అని ఖాయమైతే అందులో మళ్లీ ఏ గనో అడగాలి. అక్కడ ఒకే గని లేదు. ఉత్తరం నుంచి దక్షిణానికి బాలఘాట్, నందిదుర్గ్, ఊరిగాం, ఛాంపియన్ రీఫ్, మైసూరు గనులు వరుసగా ఉండేవి. ఒక్కోదానికీ వేరే కంపెనీ, వేరే రిజిస్టర్లు. అన్నిటినీ 1880 నుంచి నడిపించిన మేనేజర్లు మాత్రం జాన్ టేలర్ అండ్ సన్స్ వాళ్లే. ఇంట్లోవాళ్లకు గని పేరు గుర్తు లేకపోయినా షాఫ్ట్ (గనిలోకి దిగే నిలువు బావి) పేరో, రైలు దిగే స్టేషన్ పేరో గుర్తుంటుంది. గిఫర్డ్ షాఫ్ట్ అంటే ఛాంపియన్ రీఫ్, ఎడ్గార్ షాఫ్ట్ అంటే మైసూరు గని. బంగారుపేట నుంచి 1894లో వేసిన కొమ్మ లైను మీద కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్, మారికుప్పం స్టేషన్లు వస్తాయి. "ఆఖరి స్టేషన్లో దిగి నడిచేవాళ్లం" అని మేనత్త అంటే అది మారికుప్పం. అంటే మైసూరు గని వైపు ముందు వెతకాలి.

పెద్దవాళ్లను ఎలా అడగాలి

"ఏ సంవత్సరం పోయినాడు?" అని అడిగితే జవాబు రాదు. వచ్చినా అది సరైనది కాదు. సంవత్సరం అడగొద్దు, పక్కన జరిగిన సంగతి అడగండి. ధాత కరువుకు (1876) ముందా తర్వాతా అనడానికి ఇప్పుడు ఎవరూ లేరు గానీ, 1951–52లో ఊళ్లో గంజి కేంద్రాలు పెట్టినప్పటి మాట ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. "గంజి పోసేటప్పుడు అబ్బ ఇంట్లో ఉన్నాడా?" అంటే జేజి తడుముకోకుండా చెబుతుంది. కర్నూలువాళ్లకు 1953 మంచి గుర్తు. రాజధాని వచ్చి ఆఫీసులు గుడారాల్లో నడిచిన కాలమది. గని వైపు నుంచి అడగాలంటే 1930లో వేలిముద్రల రిజిస్ట్రేషన్‌కు ఎదురుతిరిగి జరిగిన పెద్ద సమ్మె, 1956లో మైసూరు ప్రభుత్వం గనులు తీసుకోవడం, 1962లో కేంద్రం చేతికి పోవడం, 2001లో మూతపడడం గుర్తుపెట్టుకోండి.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. లోపలి పనా, పైపనా? లోపలైతే డ్రిల్ పట్టినాడా, టింబరు పనా, టబ్బులు తోసినాడా? పైనైతే మిల్లులోనా, సయనైడ్ దగ్గరా, వైండింగ్ ఇంజను దగ్గరా? కంపెనీ కింద నేరుగా ఉన్నాడా, కంట్రాక్టరు కిందా? ఏ మేస్త్రీ తీసుకుపోయినాడు? ఈ చివరి ప్రశ్న అన్నిటికంటే విలువైనది. మేస్త్రీలు అడ్వాన్సు ఇచ్చి ఒక ఊరి నుంచో, పక్కపక్క ఊళ్ల నుంచో మనుషులను గుంపుగా తీసుకుపోయేవాళ్లు. మీ అబ్బ కాయితం దొరక్కపోయినా ఆయనతో పోయినవాడి కాయితం దొరికితే యేడు, గని, లైను (కూలీల ఇళ్ల వరుస) తెలిసిపోతాయి. అందుకే మీ ఇంటితో ఆగకుండా ఆ వీధిలో గనికి పోయిన ఇళ్లన్నిటి జాబితా రాసుకోండి.

ఆడవాళ్లను వేరుగా, మగవాళ్లు లేనప్పుడు అడగండి. గనిలో ఎంత లోతున దిగినాడో మగవాళ్లు చెబుతారు. బియ్యం ఎక్కడ తెచ్చుకున్నారు, నీళ్లకు ఎవరితో పోట్లాడారు, పక్కింటివాళ్లది ఏ ఊరు, ఏ కాన్పు ఎక్కడ జరిగింది అన్నవి అవ్వలకే తెలుసు. జాడ తీయడానికి పనికొచ్చేది ఈ రెండో రకమే. కాన్పు జరిగిన చోటు తెలిస్తే పుట్టుక రిజిస్టరు ఎక్కడుందో తెలిసినట్టే.

కొందరు పెద్దలు నోరు విప్పరు. అప్పు ఎగ్గొట్టి పోయినవాళ్లున్నారు, ఊళ్లో కులం బాధ పడలేక పోయినవాళ్లున్నారు, అక్కడ ఇంకో కాపురం పెట్టినవాళ్లూ ఉన్నారు. బలవంతం చేస్తే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. ఆ ప్రశ్న వదిలి ఇంకోటి అడగండి.

ట్రంకుపెట్టె కాయితాలకు తేదీ పెట్టడం

చిన్నాయన ఇంట్లోనో మేనత్త ఇంట్లోనో పాత ట్రంకుపెట్టె ఉంటుంది. దాంట్లో దొరికే ప్రతి చీటీ మీదా తేదీ ఉండదు. అయినా కాలం పట్టుకోవచ్చు.

కంపెనీ పేరు చూడండి. మైసూరు గోల్డ్ మైనింగ్ కంపెనీ, ఛాంపియన్ రీఫ్ కంపెనీ అని ఉంటే 1956కు ముందుది. కోలార్ గోల్డ్ మైనింగ్ అండర్‌టేకింగ్స్ అని ఉంటే 1972కు ముందుది. భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అని ఉంటే 1972–2001 నడుమది. మైసూరు రాష్ట్రం అని ఉంటే 1973 నవంబరుకు ముందు, కర్ణాటక అని ఉంటే తర్వాత. రసీదులో అణాలు ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందు. నయాపైసలు ఉంటే 1957–64. చిరునామాలో 563తో మొదలయ్యే పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతదే. బౌరింగ్‌పేట అని ఉంటే పాతది, బంగారుపేటకు అదే పాత పేరు.

మనియార్డరు కూపన్లు దొరికితే పారేయకండి. డబ్బు అందుకున్నవాళ్ల చేతికి వచ్చే ఆ చిన్న ముక్క మీద పంపినవాడి పేరు, చిరునామా, రెండు ముక్కల కబురు, పోస్టాఫీసు ముద్ర ఉంటాయి. వరుసగా నాలుగైదు కూపన్లు దొరికితే ఆయన ఎప్పుడు ఏ లైనులో ఉన్నాడో, ఎప్పుడు ఇల్లు మారినాడో తెలిసిపోతుంది. ముద్ర మసకగా ఉంటే కాయితాన్ని కిటికీ పక్కన బల్ల మీద పెట్టి టార్చిని పక్క నుంచి, బల్లకు ఆనించినంత కిందుగా పట్టి చూడండి. పైనుంచి వెలుతురు వేస్తే కనబడని గీతలు అలా కనబడతాయి. ఫోన్‌తో ఫోటో తీసి నలుపు తెలుపు చేసి, కాంట్రాస్ట్ పెంచినా సరే.

దస్తావేజులూ జాతకాలూ తెలుగు సంవత్సరంతో ఉంటాయి. ప్రభవ 1867, 1927, 1987లలో వచ్చింది. అక్కడి నుంచి వరుస లెక్కపెట్టుకోవాలి. ధాత పదోది, అంటే 1876 లేదా 1936. పెద్ద కరువు వచ్చింది మొదటి ధాతలో. సర్వజిత్తు 1947, నందన 1952. ఉగాది మార్చి చివర్లోనో ఏప్రిల్లోనో వస్తుంది కాబట్టి పుష్యం, మాఘం, ఫాల్గుణ మాసాల తేదీలు చాలావరకు తర్వాతి ఇంగ్లిషు సంవత్సరంలో పడతాయి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. రెవెన్యూ కాయితాలైతే ఫసలీ లెక్క. ఫసలీకి 590 కలిపితే ఆ యేడు జూలైలో మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1340 అంటే 1930 జూలై నుంచి 1931 జూన్ దాకా.

పాత కాయితాన్ని ల్యామినేషన్ చేయించకండి. వేడికి సిరా చెదురుతుంది, తర్వాత ఊడదీయడం కుదరదు. సెల్లోటేపూ వద్దు, నాలుగేళ్లలో పసుపు మరకై అక్షరాన్ని తినేస్తుంది. మామూలు కాయితాలకు 300 డీపీఐ, చిన్న ఫోటోలకు 600 డీపీఐలో స్కాన్ చేయించి, అసలును మడత విప్పి మందపాటి తెల్లకాయితాల నడుమ పెట్టండి. ఫోటో వెనక రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిల్‌తో, అంచున రాయండి. వెనక స్టూడియో ముద్ర ఉంటే దాన్నీ స్కాన్ చేయండి. కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేట స్టూడియో ముద్ర ఉందంటే ఫోటో తీయించుకునే నాటికి ఆయన అక్కడ ఉన్నట్టే.

ఊరి కాయితాలు

వలసకు ముందు పొలం కుదువ పెట్టడమో, భోగ్యానికి ఇవ్వడమో, అన్నదమ్ములకు రాసివ్వడమో మామూలు. ఆ దస్తావేజు తేదీ వలస తేదీకి దగ్గరగా ఉంటుంది. దాన్ని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో వెతకాలి. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది చేత్తో వెతకాల్సిందే. అక్కడ రెండు సూచికలు ఉంటాయి. ఒకటో సూచిక మనుషుల పేర్లతో, రెండో సూచిక ఆస్తులతో. స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్నీ దాని సూచికలనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతుంది. "మీకు సంబంధం లేదు, చూపం" అంటే ఆ సెక్షన్ నంబరు రాసి దరఖాస్తు ఇవ్వండి. వీలునామాలకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. మీ అబ్బ పేరుతో దొరక్కపోతే ఆయన అన్నదమ్ముల పేర్లతో, ఆ తర్వాత ఊరి షావుకారు పేరుతో చూడండి. కుదువ పట్టినవాడి పేరూ సూచికలో ఉంటుంది.

తహసీల్దారు ఆఫీసులో అడగాల్సినవి ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, కొన్నిచోట్ల డైగ్లాట్ అంటారు), పాత అడంగళ్లు (ఏ పొలం ఎవరి అనుభవంలో ఉందో యేటా రాసే లెక్క), 10(1) (పట్టాదారువారీ లెక్క). మీభూమి వెబ్‌సైటులో కనబడేది ఇప్పటి లెక్క, పాతకాలానికి పనికిరాదు. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు కనబడితే మీవాళ్ల పేరు చెరిపేశారని అనుమానపడకండి. అది చుక్కల భూమి, సర్వే నాడు హక్కుదారు తేలక వదిలేసినది. అడంగల్లో అనుభవదారు గడిలో మీ అబ్బ పేరు పోయి తమ్ముడి పేరో, పరాయి పేరో వచ్చిన ఫసలీ ఏదో చూడండి. వలస సంవత్సరానికి అంతకంటే దగ్గరి సాక్ష్యం ఊళ్లో దొరకదు. అయితే కరణం పేరు మార్చడానికి ఒకటి రెండేళ్లు ఆలస్యం చేసే అవకాశం ఉంది. కాబట్టి "ఫలానా ఫసలీకి ముందు" అని మాత్రమే రాసుకోండి.

కరణాల పదవులు 1984లో పోయాయి. లెక్కలు తహసీల్దారుకు అప్పజెప్పాలి గానీ, అన్నీ అప్పజెప్పినట్టు ఎవరూ ప్రమాణం చేయలేరు. పాత కరణం ఇంటి మనుషులు ఊళ్లో ఉంటే మర్యాదగా వెళ్లి అడగండి. "లెక్కలు దాచుకున్నారా?" అన్నట్టు అడిగితే ఏమీ ఉండవు. "మా అబ్బ పేరు ఎక్కడైనా చూశారా?" అంటే అటక మీది మూట దిగవచ్చు.

సరిహద్దులు మారిన చోట జిల్లా తప్పు పట్టుకుని నెలలు పోగొట్టుకోవడం మామూలే. 1882కు ముందు అనంతపురం తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. కదిరి 1910 దాకా కడప జిల్లాది. మదనపల్లె, వాయల్పాడు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడపవి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్లారివి. మండలాలు 1985లో వచ్చాయి. అంతకు ముందు ఏ కాయితమైనా తాలూకా పేరుతోనే ఉంటుంది. గని కాయితం మీద "స్వస్థలం: కదిరి తాలూకా, కడప జిల్లా" అని కనబడితే అది తప్పు కాదు, 1910కు ముందు రాసినదో, పాత అలవాటుతో రాసినదో అయి ఉంటుంది.

జనాభా లెక్కల పుస్తకాల్లో వ్యక్తుల పేర్లు దొరుకుతాయని ఆశపడకండి. ఇంటింటి వివరాలు చూపడానికి చట్టం ఒప్పుకోదు. చర్చికి వెళ్లే కుటుంబమైతే మీకు ఒక మెట్టు ఎక్కువే. కడప, గుత్తి, జమ్మలమడుగుల్లో లండన్ మిషన్, నంద్యాల, ముత్యాలపాడుల్లో ఎస్పీజీ మిషన్, కర్నూల్లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పనిచేశాయి. వాటి బాప్తిస్మం, పెళ్లి రిజిస్టర్లలో తండ్రి పేరు, ఊరు ఉంటాయి. సంఘం మారినప్పుడు ఇచ్చే సిఫారసు చీటీ గని ఊళ్లోని చర్చికి చేరి ఉంటుంది. బాప్తిస్మంతో పేరు మారిన సంగతి మరిచిపోకండి. ఊళ్లో మారెప్ప, అక్కడ మోషే కావచ్చు.

పేర్లు ఎక్కడ తప్పిపోతాయి

మన దగ్గర ముందున్న పొడి అక్షరం ఇంటిపేరుది. కోలారు గనుల్లో తమిళులే ఎక్కువ. వాళ్లలో ముందున్న అక్షరం తండ్రి పేరుది. గుమాస్తా తన అలవాటు చొప్పున రాస్తే ఎద్దుల నాగప్ప గనిలో పుల్లన్న కొడుకుగా పి.నాగప్ప అవుతాడు. కాబట్టి ఒక్కో మనిషికి రెండు పేర్లు రాసుకుని వెతకండి, ఇంటిపేరు అక్షరంతో ఒకటి, తండ్రి పేరు అక్షరంతో ఒకటి. తమిళ లిపిలో కకూ గకూ వేరే అక్షరాలు లేవు, తకూ దకూ లేవు. తమిళంలో రాసిన దాన్ని మళ్లీ ఇంగ్లిషులోకి ఎక్కిస్తే గంగన్న కంగన్న కావచ్చు, దాసన్న తాసన్న కావచ్చు. సుంకన్న, ఓబులేసు లాంటి మన సీమ పేర్లు ఎలాగైనా మారిపోగలవు. అచ్చం అదే స్పెల్లింగ్ కోసం పట్టుబట్టకండి. తండ్రి పేరు, స్వస్థలం, భార్య పేరు, ఈ మూడింటిలో రెండు కలిస్తే తీసుకోండి. ఒక్క పేరు మాత్రమే కలిస్తే పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి.

వయసును అసలే నమ్మకండి. చిన్నవయసులో పనికి చేరాలంటే వయసు ఎక్కువ చెప్పుకునేవాళ్లు, రిటైరుమెంటు దగ్గరపడితే తగ్గించుకోవాలని చూసేవాళ్లు. 25, 30, 40 అని గుండుగుత్తగా ఉన్న వయసు గుమాస్తా చూపుతో వేసినది. అయిదేళ్లు అటూ ఇటూ పెట్టుకోండి.

గని వైపు అడగాల్సినవి

స్వాతంత్ర్యానికి ముందు మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీవి, కోలారు మైసూరు సంస్థానానిది. గని కూలీల లెక్క మద్రాసు ప్రభుత్వ దస్త్రాల్లో ఉండదు. పాత మైసూరు దస్త్రాలు బెంగళూరులోని కర్ణాటక రాష్ట్ర దస్త్రాగారంలో చూడాలి. అక్కడ దొరికేది సమ్మెలు, ప్రమాదాలు, అంటురోగాలు, నీటి సరఫరా లాంటివాటి మీద ఉత్తర ప్రత్యుత్తరాలు. మనిషి పేరు దొరకడం అరుదు. ప్రమాదంలో చనిపోయినవాళ్ల విషయంలో మాత్రం వెతకడం మంచిది. కోలారు గనుల్లో లోతు పెరిగేకొద్దీ రాతి పేలుళ్లు ఎక్కువయ్యాయి. పెద్ద ప్రమాదం జరిగిన తేదీ ఇంట్లోవాళ్లకు తెలిస్తే ఆ యేటి దస్త్రం అడగవచ్చు.

భారత్ గోల్డ్ మైన్స్ కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ కిందిది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక ఉద్యోగుల రిజిస్టర్ల సంగతి అడగాల్సింది ఆ శాఖనే, సమాచార హక్కు చట్టం కింద. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, రుసుము 10 రూపాయలు, కాపీలకు పేజీకి 2 రూపాయలు, జవాబు గడువు 30 రోజులు. "మా తాతగారి చరిత్ర తెలపండి" అని రాస్తే "సమాచారం లేదు" అని ఒక వాక్యం వస్తుంది. ఇలా విడగొట్టి అడగండి:

1. ఫలానా గనికి చెందిన ఉద్యోగుల రిజిస్టర్లు, సర్వీసు పుస్తకాలు ప్రస్తుతం ఏ కార్యాలయం అధీనంలో ఉన్నాయి? ఆ అధికారి హోదా, చిరునామా.
2. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉన్నాయి? ధ్వంసం చేసినవి ఉంటే ఆ ఉత్తర్వు నకలు.
3. ఫలానా టోకెన్ నంబరు, ఫలానా పేరు, తండ్రి పేరు గల ఉద్యోగి సర్వీసు పుస్తకం మొదటి పేజీ నకలు.

మూడోది అడిగేటప్పుడు ఆయన మరణ ధ్రువపత్రం, మీకు ఆయనతో బంధుత్వం చూపే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేయండి. "వ్యక్తిగత సమాచారం" అని తిప్పి పంపితే అప్పీలులో 8(3) సెక్షన్ రాయండి. ఇరవై ఏళ్లు దాటిన సంగతులకు ఆ మినహాయింపు వర్తించదు. మన తహసీల్దారు ఆఫీసులోనూ ఇదే చట్టం పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో మండల స్థాయికి రుసుము 5 రూపాయలు.

పీఎఫ్ కాయితం ఇంట్లో ఉంటే దాని మీద కేఎన్ అక్షరాలతో మొదలయ్యే ఖాతా నంబరు చూడండి, అది కర్ణాటక ఖాతా. ఆ నంబరుతో పీఎఫ్ ఆఫీసులో నామినేషన్ ఫారం (ఫారం 2) నకలు అడగండి. భార్య పేరు, పిల్లల పేర్లు, వయసులు, శాశ్వత చిరునామా ఒకేచోట ఉండే కాయితం అది. సిలికోసిస్ (రాతిధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) వచ్చినవాళ్లదైతే నష్టపరిహారం దస్త్రం ఇంకా మేలు. ఎన్నేళ్లు లోపల పనిచేశాడు, ఏ లెవెల్లో, ఏ పని అన్నది అందులో రాయక తప్పదు. ఇంట్లోవాళ్లు "దగ్గుతో పోయినాడు", "క్షయ" అని చెప్పే చావుల్లో కొన్ని అసలు రాతిధూళి జబ్బే. ఎక్స్‌రే, ఆసుపత్రి చీటీ ఉంటే దాచండి.

లైన్లలో ఇళ్లు కంపెనీవి. అందుకే గని లోపలి ఇంటికి దస్తావేజు వెతికి లాభం లేదు. రాబర్ట్‌సన్‌పేటలోనో ఆండర్సన్‌పేటలోనో సొంత ఇల్లో జాగానో కొని ఉంటేనే అక్కడి రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోవాలి. పిల్లలు అక్కడ చదివి ఉంటే బడి అడ్మిషన్ రిజిస్టరు చూడండి. తండ్రి పేరు, పని, మాతృభాష, ముందు చదివిన బడి అన్నీ ఒక వరుసలో దొరుకుతాయి.

చివరగా ఊరు చూడడం

అనంతపురం, ధర్మవరం, హిందూపురం వైపునుంచి బెంగళూరు మీదుగా రైల్లో బంగారుపేట చేరి కొమ్మ లైను పట్టుకోండి. కడప వైపువాళ్లకు మదనపల్లె మీదుగా కోలారు పోయే బస్సు దారి దగ్గర. ఆదివారం పోతే చర్చిల దగ్గర పెద్దవాళ్లు దొరుకుతారు గానీ ఆఫీసులు ఉండవు. శనివారం దిగితే సోమవారం ఆఫీసు పని చూసుకోవచ్చు.  తమిళం వచ్చినవాళ్లు ఒకరు వెంట ఉంటే పని సగం తేలిక. తెలుగు ఇళ్లూ ఉన్నాయి, కానీ దారి చెప్పేవాళ్లు తమిళంలో చెబుతారు.

అక్కడ పేరు చెప్పి అడగొద్దు. గని, షాఫ్ట్, లైను, మేస్త్రీ, ఈ వరుసలో అడగండి. పాత ఫోటో ప్రింటు, పెద్ద సైజుది, చేతిలో ఉండాలి. ఫోన్లో చూపిస్తే ఎనభై ఏళ్ల కళ్లకు ఆనదు. సమాధుల తోటకు సాయంత్రం పూట పోండి, వాలు ఎండలో చెక్కిన అక్షరాలు తేలుతాయి. సుద్దముక్కతో రుద్దడం, తీగె బ్రష్‌తో గీకడం వద్దు, రాయి పొరలు లేస్తాయి. మెత్తటి పొడి బ్రష్‌తో మట్టి దులిపితే చాలు.

సయనైడ్ దిబ్బలు (బంగారం తీశాక మిగిలిన రాతిపొడి గుట్టలు) ఎక్కకండి. బూడిదరంగు గుట్టలు చూడగానే ఫోటోకు బాగుంటాయనిపిస్తుంది, గాలి లేచిందంటే ఆ ధూళి ముక్కులోకి పోతుంది. వాన తర్వాత అంచులు కూలతాయి. మూసేసిన షాఫ్టుల కంచె దాటడం అసలే వద్దు. లోపల నీళ్లు నిండి ఉన్నాయి, పైకప్పు ఎక్కడ గట్టిగా ఉందో తెలిసినవాళ్లు లేరు.

దొరికినదాన్ని ఒక నోటుబుక్కులో నాలుగు గడులు గీసి రాయండి: యేడు, చోటు, ఏమి జరిగింది, ఎక్కడ చూశాం. నాలుగో గడి ఖాళీగా ఉన్న వరుస లెక్కలోకి రాదు. నోటిమాటను నోటిమాటగానే, ఎవరు చెప్పారో రాయండి. రెండు సాక్ష్యాలు కొట్టుకుంటే రెండూ ఉంచండి. నచ్చినదాన్ని ఉంచి రెండోదాన్ని కొట్టేస్తే మూడో కాయితం దొరికిన నాడు బాధపడతారు.

నకలు తీసి దాయాదులకూ, గని ఊళ్లో సాయం చేసినవాళ్లకూ పంచండి. పంచేముందు సర్వే నంబర్లు, కుదువ దస్తావేజులు ఉన్న పేజీలు తీసి పక్కన పెట్టుకోండి. అబ్బ వదిలిపోయిన రెండెకరాలు ఎవరి కింద ఉన్నాయో తేలిన రోజే వాటా అడిగే మనవళ్లు సీమలో తక్కువేమీ లేరు.